మూడక్షరాల శ్రీమతి

మీ ఆవిడ పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారో మీకు తెలుసా? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. ఎక్కడ 'హెచ్' వస్తుంది, చివర 'ఎ' ఒకటా రెండా, గుర్తింపు కార్డు మీద ఉన్నది పుట్టింటి పేరా మీ ఇంటిపేరా, ఇవన్నీ తడుముకోకుండా చెప్పగలిగితే ఈ కథ మీకు అక్కర్లేదు. హాయిగా మీ పని మీరు చూసుకోండి.

నాకు తెలియలేదు. అందులో విశేషం ఏమిటంటే, నేను ప్రూఫ్ రీడర్ని. పుస్తకాలు అచ్చుకి వెళ్లేముందు తప్పులు దిద్దడమే నా ఉద్యోగం. వీధిలో ఏ బోర్డు మీద కొమ్ము ఎగిరిపోయినా నా కంట్లో నలుసు పడ్డట్టుంటుంది. హోటల్లో మెనూ చేతికిస్తే నేను ముందు జేబులోంచి పెన్ను తీస్తాను. ప్రెస్సులో అందరూ నన్ను 'ఫుల్‌స్టాప్ గారు' అంటారు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. "ఫుల్‌స్టాప్ అయితే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, ఈయన కామా" అంటుంది.

మా ఆవిడకి ఒక అక్క ఉంది. చిన్నప్పుడే తల్లి పోతే, చెల్లెలికి జడలు వేసి, పాఠాలు చెప్పి, పెళ్లి చేసి పంపింది ఆవిడే. తను మాత్రం ఒంటరిగా ఉండిపోయింది. విమానంలో అయితే ఒక పూట, రైల్లో అయితే రెండు రోజులు పట్టే దూరంలో ఉంటుంది. మా వదినకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఆ ఒక్క కంటికీ శుక్రవారం ఉదయం ఆపరేషను. "నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటేనే ఆ బల్ల మీద పడుకుంటాను, లేకపోతే లేచి ఇంటికెళ్లిపోతాను" అని ఫోన్లో తేల్చి చెప్పింది. ఆవిడ అన్నదంటే అన్నదే. ఆ రోజు తప్పితే ఆ డాక్టరు మళ్లీ దొరకడానికి నెలలు పడుతుంది, ఆ కన్ను అన్నాళ్లు ఆగుతుందో లేదో ఎవరికీ తెలియదు.

వాళ్లకి తమ్ముడు ఉన్నాడుగా అని మీరు అడగొచ్చు. ఉన్నాడు, మా ఊళ్లోనే ఉన్నాడు. వాడికి తెలియని విషయం లేదు కాబట్టి నేను వాడికి 'సర్వజ్ఞుడు' అని పేరు పెట్టాను. గుండె ఎలా కొట్టుకుంటుందో గంటసేపు చెప్తాడు. కానీ ఆసుపత్రి గుమ్మంలో మందుల వాసన తగిలిందా, ముందు స్ట్రెచరు వాడికే కావాలి. అందుకని వెళ్లాల్సింది మా ఆవిడే.

"టికెట్టు నేను తీస్తాలే అక్కా, బావగారికెందుకు శ్రమ" అన్నాడు సర్వజ్ఞుడు. ఆ 'శ్రమ' అనే మాటని వాడు కావాలని ఒత్తి పలికాడు.

"నాకేం శ్రమ? రోజూ పేజీలకి పేజీలు దిద్దేవాణ్ణి, నాలుగు గళ్లు నింపలేనా?" అన్నాను.

"ఏమండీ, పేర్లు కాస్త జాగ్రత్త" అంది మా ఆవిడ.

"నాకా చెప్తున్నావు? అక్షరాలతో కాపురం చేస్తున్నవాణ్ణి!"

"అదేగా నా బాధ."

ఆ రోజు ప్రెస్సులో మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చున్నాను. తేదీ, ఊరు, ఫోను నంబరు టకటకా కొట్టేశాను. ఇంటిపేరు గడిలో మా ఇంటిపేరు కొట్టాను. పేరు గడిలో 'శ్రీమతి' అని కొట్టాను. ఆహ్వానాల మీదా, సన్మాన పత్రాల మీదా ఇన్నేళ్లుగా దిద్దుతున్న మాట కాబట్టి వేళ్లు వాటంతటవే కొట్టేశాయి. దాని పక్కన అసలు పేరు కొట్టబోయి ఆగాను. మా ఆవిడ పేరు మధ్యలో ఒక చిక్కు అక్షరం ఉంది. దానికి 'హెచ్' పెట్టాలా వద్దా?

ఇంటికి ఫోన్ చేసి అడగొచ్చు. కానీ "నీ పేరెలా రాస్తారోయ్?" అని కట్టుకున్న భార్యని ఏ మొహం పెట్టుకుని అడగను?

అంతలో సర్వజ్ఞుడి ఫోను. "బావగారూ, ఎక్కడైనా ఆగారా?"

"ఆగడమా? అయిపోయింది కూడా!" అన్నాను. అన్నాక ఆ మాట నిజం చేయాలి కదా. మీట నొక్కేశాను.

టికెట్టు నా ఈమెయిలుకి వచ్చింది. చూద్దును కదా, పేరు 'శ్రీమతి', పక్కన మా ఇంటిపేరు, అంతే. మా ఆవిడ కార్డులో ఉన్నది ఆవిడ సొంత పేరు, పుట్టింటి పేరు. టికెట్టులో మనిషికీ కార్డులో మనిషికీ ఎక్కడా చుట్టరికం కనపడలేదు. పోనీ ఇంకొకటి తీద్దామంటే గురువారం విమానంలో సీట్లన్నీ నిండిపోయాయి. మర్నాటి విమానంలో వెళ్తే వదిన అప్పటికే ఆపరేషను మానుకుని ఇంట్లో ఉంటుంది.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టానో లేదో, "టికెట్టు వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"చూపించండి."

"సర్‌ప్రైజ్."

"టికెట్టులో సర్‌ప్రైజ్ ఏమిటండీ? విమానం ఎక్కడ దిగుతుందో ఎక్కాక చెప్తారా?"

నేను స్నానానికి వెళ్లిపోయాను. మొగుళ్లకి ఇంట్లో తలుపు గడియ పెట్టుకునే హక్కు ఉన్న గది అదొక్కటే.

మర్నాడు ప్రెస్సు మెట్ల మీద నిలబడి విమానం కంపెనీకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, నొక్కాను. నాలుగు నొక్కమంది, నొక్కాను. కాసేపు వేణువు వినిపించింది. చివరికి ఒక అమ్మాయి పలికింది.

"టికెట్టు మీద పేరులో చిన్న సవరణ ఉందమ్మా."

"మూడక్షరాల వరకు మార్చొచ్చు సార్."

నాకు ప్రాణం లేచొచ్చింది. "సరిగ్గా మూడేనమ్మా! శ్రీ, మ, తి. లెక్కపెట్టుకో."

ఆ అమ్మాయి లెక్కపెట్టింది. "ఇంగ్లీషులో ఎనిమిది సార్."

"మనం మాట్లాడుకునేది తెలుగే కదమ్మా!"

"మనకి తెలుగే సార్. కంప్యూటరుకి రాదు. ఇంతకీ 'శ్రీమతి' అన్నది ప్రయాణం చేసేవాళ్ల పేరేనా?"

చూశారా, దేవుడు ఇక్కడ నాకొక తలుపు తెరిచాడు. 'కాదమ్మా, పేరు రాయడం మర్చిపోయాను' అంటే సరిపోయేది. కానీ ప్రూఫ్ రీడరు అలా ఎలా అంటాడు? నోరు ఎంత తిప్పినా తిరగలేదు.

"పేరేనమ్మా. ఇంట్లో ముద్దుగా అలాగే పిలుస్తాం. కార్డులో ఉన్నది బళ్లో పేరు."

"అయితే అది పేరు మార్పిడి అవుతుంది సార్, కుదరదు. టికెట్టూ కార్డూ ఒకేలా ఉండాలి. అవసరమైతే టికెట్టు మీదున్న నంబరుకి మళ్లీ ఫోన్ చేస్తాం."

ఆ చివరి ముక్క నేను సరిగా వినలేదు. 'ఒకేలా ఉండాలి' అన్న దగ్గరే ఆగిపోయాను. ఒకేలా ఉండాలంది గానీ ఏది మార్చాలో చెప్పలేదు కదా! టికెట్టు మారనంటే మానె, కార్డు మారుద్దాం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గుర్తింపు కార్డుల కేంద్రంలో వరస గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది. నా వంతు వచ్చేసరికి కిటికీ వెనక గుమాస్తా ముక్కు చివర అద్దాలు పెట్టుకుని తలెత్తాడు.

"ఏం కావాలి?"

"మా ఆవిడ పేరు మార్చాలండీ."

"ఏమని?"

"శ్రీమతి అని."

"శ్రీమతి... ఏమిటి?"

"ఇంకేం లేదండీ. ఉత్త శ్రీమతి."

"ఉత్త శ్రీమతి అంటే ఎవరి ఆవిడైనా కావచ్చు కదండీ!"

వరసలో నా వెనకున్నాయన కిసుక్కుమన్నాడు. నేను గొంతు తగ్గించి, విమానం టికెట్టు అలా వచ్చిందని చెప్పాను.

"చెప్పు బిగుతుగా ఉందని కాలు చెక్కించుకుంటారా ఎవరైనా?" అన్నాడు గుమాస్తా. "సరే, మీ ఇష్టం. ఆవిణ్ణి తీసుకురండి. వేలిముద్ర వేయాలి."

"నేను వేస్తే కుదరదా?"

"పేరు ఆవిడది. వేలూ ఆవిడదే అయితే బాగుంటుంది. కార్డు వచ్చేసరికి నెల పడుతుంది. దరఖాస్తు పెట్టినట్టు ఒక కాగితం మాత్రం వెంటనే ఇస్తాం. దాంతో విమానం ఎక్కనిస్తారో లేదో మీ అదృష్టం."

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. ఇక మిగిలిన పని ఒక్కటే. మా ఆవిడ తనంతట తాను వచ్చి, నా పేరు శ్రీమతి అని సంతోషంగా ఒప్పుకోవాలి. దానికి ముందు ఆ పేరు ఆవిడకి అలవాటు చేయాలి.

ఆ సాయంత్రం ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. నేను వీలైనంత తియ్యగా పిలిచాను.

"శ్రీమతీ!"

పలకలేదు.

"శ్రీమతీ!"

"వీధిలో ఎవరినో పిలుస్తున్నారు, చూడండి."

"నేనే పిలిచాను."

"ఎవర్ని?"

"నిన్నే."

"నాకేమైంది?"

"ఏమీ కాలేదు. ఆ పేరు ఎంత బాగుంది చూడు. నిండుగా, గౌరవంగా..."

"ఓహో. ఇన్నాళ్లూ 'ఏమోయ్' అన్నది గౌరవం లేకనా?"

"అది వేరు, ఇది వేరు."

"వేరని తెలుస్తూనే ఉంది. ఎవరండీ ఈ శ్రీమతి?"

"ఎవరూ లేరు."

"లేని మనిషినే ఇంత ప్రేమగా పిలిస్తే, ఉన్న మనిషిని ఎలా పిలవాలి?" అని మడతపెట్టిన చొక్కా నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇంకో దారిన వచ్చాను. "ఏమోయ్, ఒకసారి కార్డుల కేంద్రానికి వెళ్లొద్దాం. నీ వేలిముద్రలు పాతబడ్డాయట."

"వేలిముద్రలు పాతబడటమేమిటండీ?"

"అంట్లు తోమీ తోమీ అరిగిపోతాయట. కంప్యూటరు పట్టదట."

ఆవిడ తన వేళ్లకేసి జాలిగా చూసుకుంది. "పాపం. అయితే కొన్నాళ్లు మీరు తోమండి, ఈలోగా నావి మళ్లీ మొలుస్తాయి."

ఆ రోజు రెండు పూటలా అంట్లు నేనే తోమాను. ఆవిడ మాత్రం కేంద్రానికి కదల్లేదు. నేను బాణలి అడుగు గీకుతుంటే వెనకాల నిలబడి, "ఆ మూల చూడండి, అక్షరం మిగిలిపోయింది" అని ప్రూఫులు కూడా దిద్దింది.

బుధవారం సాయంత్రానికి నాకు అన్నం సయించడం మానేసింది. మర్నాడే ప్రయాణం. సర్వజ్ఞుడు అక్కకి వీడ్కోలు చెప్పడానికి వచ్చి, విమానం రెక్కల గురించి ఉపన్యాసం మొదలెట్టాడు. పెట్టె సర్దుతున్న మా ఆవిడ తాపీగా తలెత్తింది.

"ఏమండీ, విమానం కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది."

నేను మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"'శ్రీమతి గారి టికెట్టు గురించి మీవారు చాలా కంగారుపడుతున్నారు' అంది. ఇంట్లో ముద్దుగా పిలుచుకునే మనిషట." ఆగి, నన్ను తేరిపార చూసింది. "ఏ ఇంట్లో అండీ?"

"బావగారూ! మీరా!" అన్నాడు సర్వజ్ఞుడు. ఆ గొంతులో ఆశ్చర్యం కంటే మెచ్చుకోలు ఎక్కువగా ఉన్నట్టు నాకనిపించింది.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. పరాయి ఆడమనిషి ఉందని ఒప్పుకోవడం ఒకటి, ప్రూఫులో తప్పు చేశానని ఒప్పుకోవడం రెండోది. అదీ సర్వజ్ఞుడి ముందు. సిగ్గు విడిచి చెప్తున్నాను, కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

కానీ ఆవిడ పెట్టెలో పై మడత మీద వదిన కోసం కొత్తగా కుట్టించిన మెత్తటి దిండు గలీబులు కనపడ్డాయి. కట్టు కట్టిన కంటికి గరుకు తగలకూడదని ఆవిడే బట్ట ఏరి తెచ్చింది. అవి చూశాక ఇక నా వల్ల కాలేదు.

"శ్రీమతి లేదు, ఎవరూ లేరు. అది నువ్వే" అన్నాను. "పేరు గడిలో శ్రీమతి అని కొట్టి, నీ పేరు కొట్టకుండానే మీట నొక్కేశాను. తప్పు దాచబోయి ఆ అమ్మాయికి అబద్ధం చెప్పాను. రేపు నిన్ను ఎక్కనివ్వరు. వదిన ఆ బల్ల మీద పడుకోదు. ఆ కన్ను కూడా పోతే, అది నా చేతుల మీదుగా పోయినట్టే." సర్వజ్ఞుడు మొదటిసారి ఏమీ తెలియనివాడిలా నేల చూశాడు.

"అయిపోయిందా?" అంది మా ఆవిడ. "ఇలా వచ్చి కూర్చోండి. టికెట్టు కొన్నప్పుడు ఫోను నంబరు ఎవరిదిచ్చారు?"

"నీదే. నా నంబరు నాకెప్పుడు గుర్తుంది? నీదైతే నోటికి వచ్చు."

"అందుకే అది మీ కంటే ముందు నాకొచ్చింది" అని తన ఫోను నా ముందు పెట్టింది.

టికెట్టు. అదే విమానం, అదే సీటు. పేరు మాత్రం మా ఆవిడది. పుట్టింటి పేరుతో సహా కార్డులో ఉన్నది ఉన్నట్టు. నేను అలవాటుగా అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాను. ఒక్క తప్పు లేదు.

"ఇదెలా?"

"మీరే చెప్తారని చూశాను. చెప్పలేదు. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. 'శ్రీమతి అన్నది పేరు కాదమ్మా, మిసెస్ లాంటిది, మా ఆయన నా పేరు రాయడం మర్చిపోయారు' అన్నాను. పకపకా నవ్వి, కార్డు ఫోటో పంపమంది. వాళ్ల పైవాళ్లతో మాట్లాడి దిద్దేసింది."

"అంతేనా?"

"అంతే. ఉన్నది చెప్తే అచ్చుతప్పు. మీరు చెప్పినట్టయితే మనిషే తప్పు."

"ఎప్పుడు దిద్దింది?"

"మీరు నన్ను 'శ్రీమతీ' అని పిలిచిన రోజు మధ్యాహ్నమే."

"అయితే నా చేత అంట్లు ఎందుకు..."

"బాగా తోముతున్నారు కదా అని."

సర్వజ్ఞుడు సోఫా మీద పొర్లి పొర్లి నవ్వాడు. నేనూ నవ్వబోయాను. కానీ మా ఆవిడ పెట్టె మూత వేస్తూ, తల ఎత్తకుండా ఇంకో మాట అంది.

"పిలవనిద్దామనిపించిందిలెండి. నా పేరు కాకపోయినా, ఏదో ఒక పేరుతో పిలుస్తున్నారు కదా."

నాకు నవ్వు ఆగిపోయింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడ పేరు నా నోట వచ్చిందా అని వెతుక్కున్నాను. డాక్టరు దగ్గర చెప్పాను, బ్యాంకులో చెప్పాను. అవన్నీ ఎవరికో చెప్పినవి. ఆవిడకి చెప్పినట్టు ఒక్కటీ గుర్తు రాలేదు. చిన్నతనంగా అనిపించింది, నిజం.

"ఇంతకీ నా పేరు కొట్టకుండా ఎందుకు వదిలేశారు?" అంది.

"హెచ్ ఉందో లేదో తెలియక."

"లేదు" అంది.

మర్నాడు విమానాశ్రయానికి ముగ్గురం వెళ్లాం. టికెట్టు లేనివాళ్లని లోపలికి రానివ్వరు. గుమ్మం దగ్గర కాపలా అతను ఆవిడ ఫోను చూశాడు, కార్డు చూశాడు, మొహం చూశాడు. పైకే పేరు చదివాడు. ఒక్క తడబాటు లేదు. ఎవరో పరాయి మనిషి అంత తేలిగ్గా అనేసిన పేరు అనడానికి నాకిన్నేళ్లు పట్టిందేమిటని అతని మీద కోపం కూడా వచ్చింది. తప్పు అతనిది కాదనుకోండి.

ఆవిడ మా వైపు చెయ్యి ఊపి, పెట్టె లాక్కుంటూ లోపలికి నడిచింది. మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కుతున్న మనిషి. వీపు నిటారుగా ఉంది.

నేను పేరు పెట్టి పిలిచాను. గొంతులోంచి సగమే బయటికొచ్చింది. ఆవిడ తిరగలేదు.

ఈసారి గట్టిగా పిలిచాను. చుట్టుపక్కల వాళ్లు నన్ను చూశారు. సర్వజ్ఞుడు, "బావగారూ, శబ్దం గాలిలో..." అని ఏదో మొదలెట్టాడు. ఆవిడ నడుస్తూనే ఉంది.

మూడోసారి ఎలా పిలిచానంటే, కాపలా అతను కంగారుగా నా వైపు వచ్చాడు. అప్పుడు తిరిగింది. అంత దూరం నుంచి కూడా నవ్వు కనపడింది. చెప్పడానికి ఏమీ లేక నేనూ చెయ్యి ఊపాను.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. ఆపరేషను అయిపోయిందట. కట్టు రేపు విప్పుతారట, కానీ డాక్టరు నవ్వుతూ బయటికొచ్చాడట. వదిన ఆ బల్ల మీద ఉన్నంతసేపూ చెయ్యి వదల్లేదట. "నా వేళ్లు నలిపేసింది, ఇప్పుడు నిజంగానే ముద్రలు పోయుంటాయి" అంది. గొంతు తేలిగ్గా ఉంది. అటు నుంచి వదిన, "మీ ఆయన్ని అడిగానని చెప్పు, వచ్చేసారి ఇద్దరూ రండి, మొహాలు చూడాలి" అనడం వినపడింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఫోన్ పెట్టేసే ముందు ఉండబట్టలేక అడిగాను. "నిన్న గుమ్మం దగ్గర మూడుసార్లు పిలిచాను. అంత గోలలో నీకు వినపడలేదా?"

"మొదటిసారే వినపడింది."

"మరి తిరగలేదేం?"

"తిరిగితే ఆపేసేవారుగా."